తలుపు మనదే, తాళం మనదే - తెరుచుకోదేం?

డిగ్రీయో ఇంజనీరింగో చదివే పిల్లలున్న యింట్లో, ఆఖరి సంవత్సరం వచ్చేసరికి "ప్రాజెక్టు" అనే మాట రోజుకు పదిసార్లయినా వినబడుతూ వుంటుంది. గ్రంథాలయానికి పుస్తకాల పద్దు, హాస్టలుకు భోజనాల లెక్క, ఆసుపత్రికి రోగుల పట్టిక - యిలాంటిదేదో ఒక వెబ్‌సైటు వాళ్లు సొంతంగా తయారుచేసి చూపించాలి. అటువంటి ఏ వెబ్‌సైటుకైనా సింహద్వారం లాగిన్ పేజీ. పేరుకు ఒక గడి, పాస్‌వర్డుకు ఒక గడి, కింద ఒక మీట. చూడబోతే యింతే. కాని ఆ రెండు గళ్ల ముందు అర్ధరాత్రి దాటేదాకా తల పట్టుకుని కూర్చున్న పిల్లలు యెందరో వున్నారు.

"పేరు సరిగానే కొట్టాను, పాస్‌వర్డూ నేను పెట్టిందే. అయినా లోపలికి పోనివ్వటం లేదు" అంటాడు అబ్బాయి. "పొద్దున చూసుకోవచ్చు, యిక పడుకోరా" అంటుంది తల్లి. "మిషను పాడైందేమో, రేపు షాపులో చూపిద్దాం" అంటాడు తండ్రి.

మిషను పాడవలేదు. పాడైతే అసలు పేజీయే కనబడదు గదా! ఇది యంత్రానికి వచ్చిన జబ్బు కాదు. ఒకరి చేతిలోనుంచి మరొకరి చేతికి పోవలసిన చీటీ మధ్యలో యెక్కడో ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయినట్లే. తెలుసుకోకుండా తొందరపడి చేసే వైద్యం మాత్రం అసలు జబ్బుకంటె ప్రమాదం. ఆ సంగతి చెప్పటానికే ఈ వ్యాసం.

ఇంట్లోనే సర్వరు

సర్వరు అంటే అడిగినదాన్ని అందించేది. మనం రోజూ చూసే వెబ్‌సైట్ల సర్వర్లు యెక్కడో దూరాన, చల్లని గదుల్లో రాత్రింబవళ్లు నడుస్తూ వుంటాయి. కాని నేర్చుకునేవాడికి అంత హంగు అక్కరలేదు. తన బల్లమీది కంప్యూటరు చేతనే రెండు వేషాలూ వేయించవచ్చు. అడిగేదీ అదే, అందించేదీ అదే.

ఇందుకోసం ప్రతి కంప్యూటరుకూ "లోకల్‌హోస్ట్" అని ఒక యింటిపేరు వుంటుంది. అంకెల్లో రాస్తే 127.0.0.1. ఈ చిరునామాకు రాసిన వుత్తరం వీధిలోని తపాలా పెట్టెకు పోదు. యింట్లోనే ముందుగదిలోనుంచి వంటింటికి పోతుంది. కనుక ఇంటర్నెట్టు లేకపోయినా ఈ పని ఆగదు. "నెట్టు రావటం లేదు, అందుకే లాగిన్ కావటం లేదు" అని యెవరైనా అంటే నమ్మవద్దు.

సర్వరు వేషం వేయటానికి కావలసిన సరంజామా అంతా ఒకే పెట్టెలో పెట్టి వుచితంగా యిచ్చే "జాంప్" అనే మూట వున్నది. మన కాలేజీ పిల్లల్లో చాలామంది దాన్నే వాడతారు. అందులో ముఖ్యమైనవి మూడు: అపాచీ, పిహెచ్‌పి, మరియాడిబి. ఈ మూడో పేరు వెనుక ఒక ముచ్చట వున్నది. ఫిన్లండు దేశస్థుడు మైకెల్ విడెనియస్ తాను తయారుచేసిన సమాచార భాండారానికి పెద్దకూతురు "మై" పేరుమీద మైఎస్‌క్యూఎల్ అని పేరు పెట్టాడు. 2009లో దానినుంచే మరొక శాఖ తీసి, చిన్నకూతురు "మరియా" పేరు పెట్టాడు. 2015నుంచి జాంప్ మూటలో వుంటున్నది చిన్నమ్మాయే అయినా, పైన మీటమీద పెద్దమ్మాయి పేరే కనబడుతుంది. చూసి తికమక పడనక్కరలేదు.

నలుగురి చేతులు మారే చీటీ

పాతకాలపు పెద్ద కచేరీని ఒకదాన్ని వూహించుకోండి. మీరు పేరు రాసిన చీటీ పట్టుకుని వెళ్తారు. గుమ్మం దగ్గర జవాను చీటీ అందుకుని లోపలి గుమాస్తాకిస్తాడు. గుమాస్తా రికార్డు గదికి కబురంపి, "ఈ పేరుగలవారు మన పద్దులో వున్నారా?" అని కనుక్కుంటాడు. ఉన్నారని తేలితే మీ చేతికి యిత్తడి బిళ్ల ఒకటి యిస్తారు. ఆపైన మీరు ఏ గదికి వెళ్లినా ఆ బిళ్ల చూపిస్తే చాలు.

లాగిన్ పేజీలో జరిగేదీ అచ్చంగా యిదే. చీటీ తెచ్చేది బ్రౌజరు. గుమ్మం దగ్గరి జవాను అపాచీ. గుమాస్తా పిహెచ్‌పి. రికార్డు గది మరియాడిబి. బిళ్లకు ఆ భాషలో "కుకీ" అని పేరు. ఆ బిళ్ల నంబరుకు యెదురుగా గుమాస్తా రాసుకునే పద్దు "సెషన్". చీటీ ఆగితే ఈ నలుగురిలో యెవరో ఒకరి దగ్గరే ఆగాలి.

జవాను పలకకపోతే

పేజీ బదులు "కనెక్షన్ నిరాకరించబడింది" అనే అర్థం వచ్చే మాటలు కనబడితే జవాను యింకా పనిలోకి రాలేదన్నమాట. జాంప్ పలకమీద అపాచీని నడిపించే మీట నొక్కాలి. నొక్కినా ఆగిపోతూ వుంటే, అతని కుర్చీలో మరెవరో కూర్చున్నారని అనుమానించాలి. ఆ కుర్చీ నంబరు 80. దాన్ని "పోర్టు" అంటారు. ఒక కుర్చీలో యిద్దరు కూర్చోలేరు. ముందున్న ప్రోగ్రామును లేపాలి, లేదా అపాచీకి 8080 నంబరు కుర్చీ వేయాలి. అలా వేసినప్పుడు చిరునామాలో లోకల్‌హోస్ట్ పక్కన ఆ నంబరు కూడా రాయటం మరచిపోకూడదు.

కొందరు లాగిన్ ఫైలుమీద నేరుగా రెండుసార్లు నొక్కి తెరుస్తారు. అప్పుడు చిరునామా గడిలో లోకల్‌హోస్ట్ బదులు "ఫైల్" అనే మాట వుంటుంది. అంటే జవానుతో నిమిత్తం లేకుండా కిటికీలోనుంచి తొంగిచూసినట్లు. గుమాస్తాకు కబురే అందదు. ప్రోగ్రాము నడవటానికి బదులు దాని రాత కళ్లముందు పరుచుకుంటుంది.

ఇక 404 అనే అంకె కనబడిందంటే దుఃఖించవద్దు. జవాను మేలుకునే వున్నాడు, మీరడిగిన గది మాత్రం లేదంటున్నాడు. ఫైలు తన సంచిలో, అంటే జాంప్‌లోని "హెచ్‌టిడాక్స్" అనే సంచిలో, పెట్టారో లేదో చూడాలి. పేరులో అక్షరాలూ చూడాలి. విండోస్ యంత్రం ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా పట్టించుకోదు. లినక్స్ యంత్రం పట్టించుకుంటుంది. ఇంట్లో నడిచిన పేజీ కాలేజీ సర్వరులో నడవకపోవటానికి యిది తరచుగా కనబడే కారణం.

గుమాస్తా చేతులెత్తేస్తే

500 అనే అంకెగాని, వుత్త తెల్లకాగితంగాని వచ్చిందంటే గుమాస్తా పని మధ్యలో కూలబడ్డాడన్నమాట. అప్పుడు వూహలతో పని లేదు. ఎందుకు కూలబడ్డాడో, యెన్నో పంక్తిలో కూలబడ్డాడో అతనే ఒక దినచర్య పుస్తకంలో రాసిపెడతాడు. దాన్ని "ఎర్రర్ లాగ్" అంటారు. అందులోని చివరి పంక్తి చదివితే తేలే సంగతిని తెలుసుకోవటానికి, చదవకుండా గంటలకొద్దీ కుస్తీ పట్టేవారు చాలామంది.

పాత గైడు చూసి రాసిన ప్రోగ్రాముల్లో మరొక చిక్కు వున్నది. భాండారంతో మాట్లాడటానికి పూర్వం వాడిన కొన్ని ఆదేశాలను 2015లో వెలువడిన పిహెచ్‌పి 7లో తీసివేశారు. గైడు మారలేదు, గుమాస్తా మారాడు. ఆ మాటలు అతనికి అర్థం కావు.

"యాక్సెస్ డినైడ్" అంటూ 1045 నంబరుతో కబురు వస్తే దానిని వేరుగా అర్థం చేసుకోవాలి. అక్కడ కాదన్నది అబ్బాయి పేజీలో కొట్టిన పాస్‌వర్డును కాదు. గుమాస్తా రికార్డు గదిలోకి పోవటానికి తన సొంత తాళంచెవి ఒకటి వుంటుంది, అది సరిపోలేదన్నమాట. ఈ రెండు తాళంచెవులూ వేరని తెలియక పేజీలో పాస్‌వర్డు మార్చి మార్చి చూసి అలసిపోతారు. 1049 అని వస్తే తాళంచెవి మంచిదే, అడిగిన పేరుగల గదే లేదు.

రుబ్బిన పిండి, చల్లిన వుప్పు

అన్నీ దాటి, పేజీ నిమ్మకు నీరెత్తినట్లు "పాస్‌వర్డు తప్పు" అంటుంటే? ఇక్కడే అసలు కథ వున్నది.

1960 దశకంలో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో ఒకే పెద్ద కంప్యూటరును అనేకమంది వంతులవారీగా వాడుకునే పద్ధతి నడిచింది. ఫెర్నాండో కోర్బాటో అనే శాస్త్రజ్ఞుని ఆధ్వర్యంలో తయారైన ఆ పద్ధతిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాస్‌వర్డు వుండేది. ఆ పాస్‌వర్డులన్నీ వున్నవి వున్నట్లుగా ఒక ఫైలులో రాసి వుండేవి. 1966లో ఒకనాడు ఇద్దరు వుద్యోగులు ఒకే వేళ రెండు ఫైళ్లు దిద్దుతూ వుండగా, ఆ రెండూ తారుమారయ్యాయి. ఆనాటి నుంచి లోపలికి వచ్చినవారికి చూపవలసిన ప్రకటన ఒకటి, పాస్‌వర్డుల పట్టిక మరొకటి! ఇంకేముంది, ఆపైన లాగిన్ అయిన ప్రతివారి ముందూ అందరి పాస్‌వర్డులూ బారుగా అచ్చయ్యాయి. దొంగ యెవరూ రాలేదు. చిన్న పొరపాటు చాలింది.

ఇలాంటి అనుభవాల మీదట, పాస్‌వర్డును వున్నదున్నట్లు దాచకూడదనే సూత్రం బలపడింది. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనే యిద్దరు నిపుణులు యూనిక్స్ పద్ధతిలో తాము చేసిన యేర్పాటును ఒక వ్యాసంలో వివరించారు. మన గృహిణులకు దాన్ని చెప్పటం సులభం. పప్పు రోట్లో వేసి రుబ్బితే పిండి వస్తుంది గాని, పిండిని యెంత తిప్పినా మళ్లీ గింజలు రావు. పాస్‌వర్డునూ అలాగే రుబ్బి పిండినే దాస్తారు. దీన్ని "హ్యాష్" అంటారు. పద్దు దొంగచేతిలో పడినా గింజ యేదో నేరుగా తెలియదు. ఇద్దరు ఒకే పాస్‌వర్డు పెట్టుకుంటే పిండి ఒకేలా వుండకుండా, రుబ్బేముందు ఒక్కొక్కరికి ఒక్కొక్క రకం పొడి చల్లుతారు. ఆ పొడికి వాళ్లు పెట్టిన పేరు కూడా "వుప్పే"! ఇంగ్లీషులో సాల్ట్.

పిహెచ్‌పిలో 2013నుంచి ఈ రుబ్బటానికీ, సరిచూడటానికీ తయారు ఆదేశాలు రెండు వున్నాయి. పిల్లలు యెక్కువగా తడబడేది యిక్కడ రెండు చోట్ల.

మొదటిది: కొట్టిన పాస్‌వర్డును తామే మళ్లీ రుబ్బి, పద్దులోని పిండితో పక్కపక్కన పెట్టి చూస్తారు. ప్రతిసారీ వుప్పు మారుతుంది గనుక రెండూ యెన్నటికీ సరిపోవు. సరిచూసే ఆదేశాన్నే వాడాలి. అది పాత పిండిలోని వుప్పును గుర్తుపట్టి, అదే వుప్పుతో కొత్తగా రుబ్బి పోలుస్తుంది.

రెండవది మరీ గడుసుది. బీక్రిప్ట్ అనే ప్రసిద్ధమైన రుబ్బుడు పద్ధతిలో వచ్చే పిండి సరిగ్గా 60 అక్షరాలు. పద్దులో ఆ గడిని 50 అక్షరాలకే గీసివుంటే? కొన్ని అమరికల్లో భాండారం కిక్కురుమనకుండా చివరి పది అక్షరాలూ కత్తిరించి, మిగిలినది దాచుకుంటుంది. నమోదు చక్కగా జరిగినట్లే కనబడుతుంది. లాగిన్ మాత్రం యీ జన్మలో కాదు. గడిని 255 అక్షరాలకు పెంచి, ఆ పాస్‌వర్డులను మళ్లీ కొత్తగా నమోదు చెయ్యాలి. గడి పెంచినంత మాత్రాన తెగిన తోక తిరిగి మొలవదు.

చేతికిచ్చిన బిళ్ల

పాస్‌వర్డు సరిపోయింది. లోపలి పేజీ ఒక్క క్షణం మెరిసి, మళ్లీ లాగిన్ పేజీకే తెచ్చి నిలబెట్టింది. అప్పుడు తప్పు పాస్‌వర్డులో వెతకటం వృథా. బిళ్ల చేతికి రాలేదు, లేదా వచ్చింది పోయింది.

వెబ్‌సైట్లు నడిచే హెచ్‌టిటిపి పద్ధతికి స్వతహాగా జ్ఞాపకశక్తి లేదు. ఇప్పుడే పలకరించిన మనిషిని మరుక్షణం యెరుగదు. అందుకే 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేసే లూ మొంటుల్లి కుకీని కనిపెట్టాడు. ఈ బిళ్ల కవరు పైన అంటించి పంపవలసినది. వుత్తరం బయటికి పోయాక కవరుకు బిళ్ల అంటించలేము గదా! కనుక సెషన్ మొదలుపెట్టే ఆదేశం పేజీలో ఏ అక్షరమూ వెలువడకముందే వుండాలి. ప్రోగ్రాము పైన కంటికి ఆనని ఒక్క ఖాళీ పంక్తి వున్నా, కొన్ని అమరికల్లో బిళ్ల ఆగిపోతుంది. లోపలి పేజీల్లో కూడా ఆ ఆదేశం రాయాలి. రాయకపోతే ఆ గదిలోని మనిషి బిళ్ల అడగడు, చూడడు.

మరొక తమాషా. లోకల్‌హోస్ట్, 127.0.0.1 రెండూ మనకు ఒకే యిల్లయినా, బిళ్లల విషయంలో బ్రౌజరు వాటిని రెండు యిళ్లుగానే చూస్తుంది. ఒక పేరుతో లోపలికి వచ్చి, రెండో పేరుగల లంకె మీద నొక్కితే "మీరెవరు?" అంటుంది.

తలుపు పీకేసే వైద్యం

రేపే ప్రాజెక్టు చూపించాలి. రాత్రి రెండయింది. అప్పుడు ఒక ఆలోచన వస్తుంది: "ఈ రుబ్బటం, వుప్పు చల్లటం తీసేసి, పాస్‌వర్డు వున్నదున్నట్లు రాసేస్తే?" రాస్తే లాగిన్ అవుతుంది. మార్కులూ రావచ్చు. కాని అది తాళం బాగుచెయ్యటం కాదు, తలుపే పీకెయ్యటం.

ఇంట్లో యంత్రంలోనే వున్నంతకాలం నష్టం లేదు. అయితే ఆ హాస్టలు లెక్క బాగుందని కాలేజీవారు నిజంగానే వాడుకోవటం మొదలుపెడితే? వందమంది ఆడపిల్లలు తమ పేరూ పాస్‌వర్డూ అందులో రాస్తారు. చాలామంది అదే పాస్‌వర్డు తమ వుత్తరాలకూ, డబ్బు లావాదేవీలకూ వాడుతూ వుంటారు. ఆ పద్దు బయటపడిననాడు పోయేది హాస్టలు భోజనాల లెక్క ఒక్కటే కాదు. 2009లో అమెరికాలో రాక్‌యూ అనే సంస్థ పద్దులోనుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు బయటికి పోయాయి. అవన్నీ రుబ్బకుండా దాచిన గింజలే. ఆ జాబితాను దొంగలు యీనాటికీ తాళంచెవుల గుత్తిలా వాడుకుంటున్నారు.

ఇలాంటిదే మరొకటి. వచ్చినవాడు కొట్టిన మాటలను యథాతథంగా భాండారానికి పంపే ఆదేశంలో అతికించటం. తన పేజీలో, తన యంత్రం మీదనే, పేరు గడిలో ఒంటి కొటేషన్ గుర్తు ఒకటి కొట్టి చూడమనండి. భాండారం గగ్గోలు పెట్టిందంటే, గడుసువాడు పాస్‌వర్డు లేకుండానే లోపలికి రాగలడని అర్థం. దీనికి "ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్" అనే పద్ధతి వాడాలి. అందులో ఆదేశం వేరు, వచ్చినవాడి మాటలు వేరు. ఒకదానిలో మరొకటి కలవదు.

పెద్దలు అడగవలసిన ప్రశ్నలు

ప్రోగ్రాము రాయటం రాని తల్లిదండ్రులు కూడా ఈ వేళ పిల్లలకు సాయం చెయ్యవచ్చు. మిషను పాడైందేమో అనటానికి బదులు నాలుగు ప్రశ్నలు వరసగా అడగండి. పేజీ అసలు కనబడుతోందా? చీటీ గుమాస్తాకు అందిందా? రికార్డు గదిలో ఆ పేరు దొరికిందా? బిళ్ల చేతికి వచ్చిందా?

మొదటిదానికి కళ్లే సాక్ష్యం. రెండోదానికి బ్రౌజరులో ఎఫ్12 మీట నొక్కి, "నెట్‌వర్క్" అనే భాగంలో ఏ కబురు పోయిందో, ఏ అంకె తిరిగివచ్చిందో చూడమనండి. గడికి పెట్టిన పేరూ, గుమాస్తా వెతికే పేరూ ఒక్కటేనా అని కూడా అక్కడే తేలుతుంది. మూడోదానికి భాండారం తెరిచి ఆ పేరుగల వరుసనూ, పక్కనున్న పిండి పొడవునూ లెక్కపెట్టమనండి. నాలుగోదానికి అదే ఎఫ్12లో కుకీల జాబితా వుంటుంది.

ఏ ప్రశ్న దగ్గర "లేదు" అనే జవాబు వచ్చిందో అక్కడ ఆగి, ఆ ఒక్కచోటే బాగుచెయ్యాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే, బాగుపడినా యెందువల్ల బాగుపడిందో తెలియదు. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఏమి మార్చిందీ, ఏమి జరిగిందీ రాసుకోమనండి. మర్నాడు పరీక్షకులు "యిది యెలా పనిచేస్తుంది?" అని అడిగినప్పుడు ఆ పుస్తకమే అక్కరకు వస్తుంది.

లాగిన్ అయిన తర్వాత యింకొక్క ప్రశ్న మిగిలివుంటుంది. కావాలని తప్పు పాస్‌వర్డు కొట్టి చూడమనండి. అప్పుడు తలుపు తెరుచుకోకుండా వుంటేనే మరమ్మతు పూర్తయినట్లు. ఆపైన నిశ్చింతగా దీపం ఆర్పి పడుకోవచ్చు.